రక్తపిశాచి కథలో మాయమైన తమ్ముడు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇటువంటి శుభసమయమున మంచి గ్రంథమును ప్రశంసించుట ఆచారము. నేను మాత్రము నన్ను నిరాశపరచిన నవలనొకదానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. అది ‘వార్నీ ది వాంపైర్’ అను ఆంగ్ల నవల. జేమ్స్ మాల్కం రైమర్ దీని కర్తయని పలువురి అభిప్రాయము. 1845 మొదలు 1847 వరకు లండను నగరమున వారమునకొక భాగముగా, పెన్నీ వెలకు వెలువడినది. పుస్తకరూపమున రెండేసి వరుసల అచ్చుతో ఎనిమిదివందలకు పైగా పుటలున్నది. మన భారతమును చదువువారికి పుటల సంఖ్య భయము గొలుపదు గాని, ఇక్కడ భయము వేరు.

ప్రారంభము మాత్రము అద్భుతము. వడగండ్ల వాన కురియుచున్న అర్ధరాత్రి, ఫ్లోరా అను కన్య పడకగదిలోనికి పాలిపోయిన ముఖముగల ఆకారమొకటి కిటికీగుండ ప్రవేశించి ఆమె కంఠమున కోరలు నాటును. తరువాత తుపాకి దెబ్బకు కూలిన ఆ ఆకారమే వెన్నెల సోకగానే లేచి నడచిపోవును. 1897లో వచ్చిన బ్రాం స్టోకర్ ‘డ్రాక్యులా’కు ఏబదియేండ్ల ముందే ఈ కోరలు, ఈ గాట్లు ఇందులో నున్నవి. తన బ్రదుకును తానే ఏవగించుకొను పిశాచమును చిత్రించిన ఘనతయు ఈ రచయితకు చెల్లవలెను.

అటుపైన కథకు పగ్గములు లేవు. వార్నీ నిజముగా పిశాచమా, పిశాచమని నమ్మించు మోసగాడా యనునది చాల దూరము తేలదు. ఒకచోట అతడు ఉరితీయబడి, వైద్యుని విద్యుత్ ప్రయోగమువలన మరల బ్రదికినవాడు. వేరొకచోట క్రాంవెల్ నాటివాడు. కోపావేశమున కన్నకొడుకును చంపి శాపగ్రస్తుడైనవాడు. ఏది నిజము? కథాకాలము పదునెనిమిదవ శతాబ్దమని తోచుచుండగా నెపోలియను యుద్ధముల ప్రసక్తి వచ్చును. సగము దాటిన పిదప ఫ్లోరా కుటుంబమునే విడిచి, వార్నీ మారుపేర్లతో ఊరూరు తిరిగి పెండ్లికుమార్తెలను వెదకుకొనును. గుట్టు బయటపడును, చచ్చును, వెన్నెలలో లేచును. మరల వేరొక ఊరు. తుదకు విసిగి వెసూవియసు అగ్నిపర్వత బిలమున దుముకును. అప్పటికి పాఠకుడును అంతే విసిగియుండును.

వారము వారము పుటలు నింపవలసిన రచయిత కష్టమును నేనెరుగుదును. పాఠకుడు పెన్నీ ఇచ్చినది మరుసటి వారపు ఆశకొరకు. ఆ ఆశ తీర్చు బాధ్యత రచయితకు లేదా?

మన బేతాళుడును పిశాచజాతివాడే. 1870లో రిచర్డ్ బర్టన్ ఆ కథలను ఆంగ్లీకరించుచు అతనికి ‘వాంపైర్’ అనియే పేరుపెట్టెను. నెత్తురు త్రాగుటకన్న ప్రశ్నలు వేయుటయందే మనవానికి మక్కువ. ప్రశ్న వేసిన కథకు సమాధానమున్నది; చివరి కథకు విక్రమార్కుడు నోరు విప్పకున్న, ఆ మౌనమే కథను ముగించును.

ఈ నవలను నేను మన గ్రంథాలయపు అరుగుమీద శనివారపు రాత్రులందు తెలుగున చెప్పుచుంటిని. చదువురాని వృద్ధుడొకరు, మగ్గము నేయువారు, ప్రతివారము వచ్చి స్తంభమునకానుకొని కూర్చుండెడివారు. ఫ్లోరాకు హెన్రీ, జార్జి యని ఇద్దరు సోదరులు. జార్జి ముప్పదియారవ అధ్యాయము తరువాత కానరాడు. చావలేదు, ఊరు విడువలేదు. రచయిత మరచినాడు, అంతే. నేనును గమనింపలేదు. ఆ వృద్ధుడే యడిగినాడు: “పంతులుగారూ, ఆ రెండో పిల్లవాడేమైనాడండీ?”

వచ్చే వారము తెలియునంటిని. ఆ వారమును అదే ప్రశ్న, ఆపై వారమును అదే. కడకు సిగ్గుపడి, జార్జి ఓడయెక్కి దూరదేశమునకు వర్తకమునకు పోయినాడని నా సొంతముగా కల్పించి చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “ఇది పుస్తకములో ఉన్నదాండీ, తమరు అతికినదా?” అనెను.

నేను నిజము చెప్పితిని. ఆయన తుండుగుడ్డ దులుపుకొని లేచుచు, “అయితే ఆ పిల్లవాడింకా ఆ ఇంట్లోనే ఉన్నాడన్నమాట” అని ఇంటికి పోయెను.