మన ఆడవాళ్ల ఆరోగ్య పరీక్షలు: మన సొసైటీ చేయగల పని

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. నేను వాళ్ల అమ్మల ఆరోగ్యం గురించి మాట్లాడతాను. రెండూ వేరు కావని ఒక ఇంటి గడప దగ్గర నాకు తెలిసొచ్చింది.

కొన్నేళ్ల కిందట నా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి బడికి సరిగా రావడం మానేసింది. ఇస్నాపూర్‌లోనే వాళ్ల కిరాయి గది. వెళ్లి చూస్తే తల్లి మంచంలో ఉంది. పాశమైలారం వైపు ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. నలభై దాటి ఎంతో కాలేదు. "ఏడాదిన్నర నుంచి తెల్లబట్ట అవుతోంది ఆపా. మధ్యమధ్య రక్తం కూడా కనబడుతోంది. వేడి చేసిందనుకున్న" అంది. గల్లీలో సూదులు వేయించుకుంది, బలానికని సీసాలు ఎక్కించుకుంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి చేరేసరికి గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్ ముదిరిపోయింది.

మన సొసైటీ ఆమెను వదిలేయలేదు. దారి ఖర్చులిచ్చాం, మందులిచ్చాం. చివరికి కఫన్, దఫన్ కూడా మనమే చూశాం. ఆ పిల్ల పది పూర్తి చేయలేదు. ఇద్దరు తమ్ముళ్లకు వండిపెట్టాలి కదా.

ఇందులో మన తప్పేముందని మీరు అడగవచ్చు. మన ఖాతా పుస్తకం చూస్తే జబ్బు ముదిరాక ఇచ్చిన సాయమే కనిపిస్తుంది. జబ్బు రాకముందు, వచ్చినా మొదట్లోనే పట్టుకోవడానికి ఇచ్చింది ఒక్క రూపాయి కూడా నాకు కనబడలేదు. లెక్కలు చూసే సోదరులు నొచ్చుకోవద్దు. నేనూ ఈ కమిటీలో ఉన్నదాన్నే.

ఆ క్యాన్సర్ రాత్రికి రాత్రి వచ్చేది కాదు. హెచ్‌పీవీ అనే వైరస్ లోపల పోకుండా నిలిచిపోతే, అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పది నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు తలుపు తెరిచే ఉంటుంది. పరీక్ష కూడా పెద్ద యంత్రాలతో చేసేది కాదు. ముఖద్వారం మీద పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే మన వంటింటి వెనిగర్‌లో ఉండేదే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు ఉన్నచోట తెల్లగా కనిపిస్తుంది. దీన్నే వీఐఏ పరీక్ష అంటారు. కోత ఉండదు, మత్తు అక్కర్లేదు. తెల్లగా కనబడినంత మాత్రాన అది క్యాన్సర్ అని కూడా కాదు. చాలామందిలో అది క్యాన్సర్ కాకముందు దశే, లేదా మామూలు వాపే. ఆ దశలో చిన్న చికిత్సతో పోతుంది.

ప్రభుత్వ మార్గదర్శకాల్లో 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీకి ఐదేళ్లకొకసారి ఈ పరీక్ష, రొమ్ము పరీక్ష, నోటి పరీక్ష చేయాలని ఉంది. బీపీ, షుగర్ ఏటా చూడాలి. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైంది. ముందుగా 100 కేంద్రాల్లో, ప్రతి మంగళవారం, ఆడవాళ్ల కోసం ఆడ సిబ్బందితోనే. ఎనిమిది రకాల సేవలు పెట్టారు. పరదా పాటించే మన ఇళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? అయినా మనవాళ్లు వెళ్లరు. మనవాళ్లే కాదు, ఎవరూ వెళ్లడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు వందకు ఇద్దరు కూడా లేరు. అదే దేశంలో 2022 అంచనాల ప్రకారం ఈ ఒక్క క్యాన్సర్‌తో ఏడాదిలో చనిపోయినవాళ్లు దాదాపు 80,000 మంది.

చదువులేక వెళ్లడం లేదని అనుకుంటారేమో. నేను బీఈడీ చదివినదాన్ని, పిల్లలకు జీవశాస్త్రం కూడా చెప్పాను. నాకు మొదటిసారి ఈ పరీక్ష జరిగింది యాభై రెండో ఏట. అంతవరకు "నాకేం, బాగానే ఉన్నా కదా" అన్నాను. నా విద్యార్థిని తల్లి పోయాక కూడా మరో ఏడాది వాయిదా వేశాను. సిగ్గు కొంత, భయం ఎక్కువ. బల్ల మీద పడుకున్న ఆ ఐదు నిమిషాలు ఇబ్బందిగానే ఉంది, అబద్ధం చెప్పను. నర్సమ్మ మంచిది, ప్రతిదీ చెప్పి చేసింది.

ఆ తర్వాత మా బడి తల్లులను ఒక్కొక్కరినే అడిగాను. సిగ్గు అన్నవాళ్లు కొందరే. ఎక్కువమంది చెప్పింది వేరే. "మంగళవారం డ్యూటీ ఉంటది మేడం." కంపెనీలో సెలవు ఆదివారం, పరీక్ష మంగళవారం. కాంట్రాక్టు మీద పనిచేసే ఆమెకు ఒక పూట మానితే ఆ రోజు కూలి పోతుంది, హాజరు బోనస్ కూడా పోతుంది. చిన్నపిల్లను ఎవరు చూస్తారు? ఆటోకు ఎవరిస్తారు? "మా ఆయనను అడగాలి" అని గొంతు తగ్గించి అన్నవాళ్లూ ఉన్నారు. పరీక్ష ఉచితమే, ఆమె పూట మాత్రం ఉచితం కాదు. ఆ పూటను మన సొసైటీ కొనివ్వాలని నేను అడుగుతున్నాను.

ఇది నా కల కాదు. 1998 నుంచి ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు సుమారు లక్షన్నర మంది ఆడవాళ్లతో ఒక పెద్ద అధ్యయనం చేశారు. పరీక్ష చేసినవాళ్లు డాక్టర్లు కారు, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు. రెండేళ్లకొకసారి వెనిగర్ పరీక్ష. పరీక్షలు జరిగిన బస్తీల్లో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఆ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి పిలిచారు. నా లెక్కలో సగం వైద్యం ఆ పిలవడంలోనే ఉంది.

మరో మాట. మొదటి పరీక్షతో పని అయిపోదు. తెల్లగా కనబడింది, పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రికి వెళ్లమని చీటీ ఇస్తారు. ఆ చీటీ బియ్యం డబ్బా కింద ఉండిపోతుంది. రెండోసారి వెళ్లడానికి తోడు మనిషి ఉండాలి. డబ్బు ఇక్కడే ఎక్కువ అవసరం. క్యాన్సరే తేలితే ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలకు పెంచారు. కానీ ఆ కౌంటర్ దాకా చేయి పట్టుకుని తీసుకెళ్లేది ఎవరు?

రక్తహీనత గురించి ఎక్కువ చెప్పను. అదే సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో వందకు 57 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. అన్నం తినగానే చాయ్ తాగే అలవాటు మానితే తిన్న ఇనుమైనా ఒంటికి పడుతుంది. ఇక రంజాన్ సంగతి. షుగర్ ఉన్న ఆడవాళ్లు షాబాన్ రాకముందే డాక్టరును కలవాలి. సహరీకి ఏ మాత్ర, ఇఫ్తార్‌కు ఏ మాత్ర అన్నది డాక్టరే మార్చి ఇవ్వాలి. సొంతంగా మందు ఆపేసి రోజా ఉండే మన ఖాలాలు ఎందరో! అసలు షుగర్ ఉందని తెలియకుండానే ఉంటున్నవాళ్లు మరెందరో.

మసీదు మైకులో ఇలాంటి విషయాలు చెబుతారా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆయన అడగడం మంచిదే అయింది. మదీనాలో ప్రవక్త (స) మసీదు దగ్గరే రుఫైదా (రజి) గుడారం వేసి గాయపడ్డవాళ్లకు చికిత్స చేసేవారని సీరత్‌లో చదివాం. మైకులో వివరాలు అక్కర్లేదు. "మంగళవారం ఆడవాళ్లకు ఆటో ఉంది" అంటే చాలు. మిగతాది ఇంట్లో మేము మాట్లాడుకుంటాం.

నా లెక్క ఇది. ఆటో, పోయిన పూట కూలి, పిల్లలను చూసుకునే ఆమెకు కొంత, అన్నీ కలిపి మనిషికి ఐదారు వందలు. వారానికి ఆరుగురు. ఇది జకాత్ నుంచి ఇవ్వవచ్చా, సదఖా నుంచే ఇవ్వాలా అన్నది ముఫ్తీ సాబ్‌ను అడుగుదాం. జకాత్ అయితే అర్హులకే చేరాలి, అందులో తేడా రాకూడదు. కంపెనీల్లో సూపర్‌వైజర్లుగా, కాంట్రాక్టర్లుగా ఉన్న సోదరులు ఈ సభలో ఉన్నారు. మిమ్మల్ని డబ్బు అడగను. మీ దగ్గర పనిచేసే ఆడవాళ్లకు ఏడాదికి ఒక్క మంగళవారం పూట, కూలి కోయకుండా ఇవ్వండి.

పేర్లు రాసుకునే నోటుబుక్కు తెర అవతల నా సంచిలో ఉంది. మొదటి పేరు నా కోడలిది, రెండోది మా బడి ఆయాది. ఇంకా నాలుగు ఖాళీలున్నాయి. సభ అయ్యాక భోజనాల దగ్గర కూర్చుంటాను, రండి.