సొంత కుంట – గట్టు మీది గరిక

చెరువు త్రవ్వించుటను మన పూర్వులు సప్తసంతానములలో ఒకటిగా ఎంచిరి. పుత్రుడు, కృతి, దేవాలయము, వనము మొదలగువాని సరసన తటాకమును నిలిపిరి. రాజులు చేసిన ఆ పనిని చిన్న కమతము గల రైతులును తమ పొలము మేరకు చేసికొనవచ్చును. మేము చేసితిమి, ఒకసారి చెడగొట్టుకొని, రెండవసారి నిలుపుకొంటిమి. ఆ అనుభవమునే నేడు మనవి చేయుచున్నాము.

మాది కదిరి ప్రాంతములోని ఎర్రనేల. వేరుసెనగ పైరునకు వానయే ఆధారము. పూర్వపు అనంతపురము జిల్లాలో ఏటికి సగటున కురియునది రమారమి 550 మిల్లీమీటర్లు. అదియైనను పైరు కోరినప్పుడు రాదు. ఊడలు దిగువేళ 20 దినములు మొగము చాటుచేసి, పిమ్మట ఒక్క రాత్రిలో కుండపోతగా కురిసి, పైమన్నును కూడ కొనిపోవును. ఆ పోవు నీటిని ఆపవలెనని 2019 వేసవిలో అన్నదమ్ములము ముగ్గురము కూడి, కొంత అప్పు చేసి, పొలము పల్లపు మూలను కుంట త్రవ్వించితిమి.

పైభాగమున ప్రక్కకు 20 మీటర్ల చదరము, లోతు 3 మీటర్లు, మీటరు లోతునకు మీటరున్నర చొప్పున వాలు. నిండినచో 7 లక్షల లీటర్లు పట్టును. ఎకరమునకు రెండున్నర సెంటీమీటర్ల తడి ఇచ్చుటకు లక్ష లీటర్లు కావలెను. ఇంకినది, ఆవిరియైనది పోగా రెండెకరములకు రెండు తడులు దక్కునని మా లెక్క. మా సీమలో బయట నిలిచిన నీటినుండి ఏడాదికి సుమారు రెండు మీటర్ల మందము ఆవిరియై పోవును గనుక వెడల్పుకంటె లోతునకే ప్రాధాన్యమిచ్చితిమి.

లెక్క సరియైనదే. తప్పు గట్టులో జరిగినది. యంత్రము ఎత్తి పోసిన మన్నును పోసినట్లే అంచున వదలితిమి, దిమ్మిస కొట్టించలేదు. మిగులు నీరు వెడలుటకు పెట్టిన మరవ మూరెడు వెడల్పు మాత్రమే. “గట్టు మీద గరిక పెట్టించండి నాయనా, బోడిగట్టు వానకు నిలవదు” అని మా అమ్మ చెప్పినది. గడ్డి తానే మొలచునులే యని నవ్వి ఊరకుంటిమి. ఆ సెప్టెంబరులో ఒక రాత్రి పెద్దవాన కురిసినది. తెల్లవారి పోయి చూడగా గట్టు బారెడు మేర తెగి, సగము మన్ను కుంటలోనికే జారియున్నది. క్రింది వేరుసెనగ మీద ఇసుక మేట వేసినది. అప్పు మాత్రము అట్లే నిలిచినది. అమ్మ మమ్ము ఒక్క మాటయు అనలేదు.

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు కట్టించినాడు. అచ్చటి 1369 నాటి శాసనము మంచి చెరువునకు 12 అంగములను, 6 దోషములను చెప్పుచున్నది. గట్టినేల, పనియందు నేర్పుగల మనుష్యులు ఆ అంగములలోనివి. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల దోషములలోనివి. ఆ శాసనపు మాటలు మా చిన్న కుంటకును వర్తించినవి.

2020 వేసవిలో పని మరల మొదలుపెట్టితిమి. మన్నును జానెడు మందమున పరచి, తడిపి, దిమ్మిస కొట్టించి, ఆపైన మరియొక వరుస వేయించితిమి. కుంట అంచునకు గట్టునకు నడుమ మీటరు బాట విడిచితిమి. ఎర్రనేలలో నీరు ఇంకిపోకుండ పాత చెరువు నల్లబంకను అడుగున మెత్తి, ఎద్దులచే త్రొక్కించితిమి. మరవను రెండు మీటర్లకు పెంచి రాళ్లు పరపించితిమి. నీరు ప్రవేశించు చోట పూడిక నిలుచుటకు వేరొక గుంట తీయించితిమి.

ఇక గడ్డి సంగతి. వాలు మీద విత్తనము చల్లినచో తొలి జల్లునకే కొట్టుకొనిపోవును. కావున పొలములో కలుపని మేము పెరికి పారవేయు గరికనే పెళ్లలుగా తీసి, వాలునకు అడ్డముగా, జానెడు ఎడముతో వరుసలుగా నాటితిమి. జూన్ తొలకరికి నాటి, వాన లేని దినములందు కడవలతో తడిపితిమి. నీరు వచ్చు దారిన వట్టివేరు పిలకలను దగ్గరదగ్గరగా వరుస కట్టితిమి. దాని వేరు ప్రక్కలకు ప్రాకక నిలువుగా మూడు మీటర్ల వరకు దిగగలదు. దుబ్బు అడ్డుపడి నీటి వేగమును తగ్గించును, మన్ను అచ్చటనే ఆగును. ఎగువ బీడున అంజన్ గడ్డి వేసితిమి. గట్టు మీద చెట్లు నాటరాదు; వేరు కుళ్లిన చోట కన్నము పడి నీరు కారును.

అన్నిటికంటె కష్టమైనది మేపును ఆపుట. మొదటి ఏడు గొఱ్ఱెలను గట్టెక్కనీయరాదు. ముళ్లకంప నాటి, గొఱ్ఱెలవారికి నచ్చజెప్పి, పిమ్మట కోసుకొనిపోవుటకు మాత్రము ఒప్పుకొంటిమి. ఆ కంపయే పసిపిల్లలను కూడ నీటికి దూరముగా ఉంచినది.

2021 నవంబరులో మా ప్రాంతమున ఏరులు పొంగినవి. ఆ రాత్రి మేము నిద్రపోలేదు. తెల్లవారి చూడగా మరవ మీదుగా నీరు తేటగా పారుచున్నది, గట్టు నిలిచియున్నది. 2023 ఆగస్టులో వాన మొగము చాటుచేసినప్పుడు రెండెకరములకు ఒక తడి ఇచ్చి కాయను దక్కించుకొంటిమి. తడి అందని చేను ఎండినది.

గడ్డికి మాకైన వ్యయము కొన్ని దినముల కూలి మాత్రమే. కుంట త్రవ్వించదలచినవారు యంత్రమును పిలుచుటకు ముందే గరిక ఎచ్చట దొరకునో చూచుకొనుడు. గట్టు సిద్ధమైన ఏడే, తొలకరి దాటకముందే దానిని నాటుడు.