మాల్దీవుల పగడపు గోడ

2009 అక్టోబరు 17న మాల్దీవుల అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్, ఆయన మంత్రులు సముద్రం అడుగున సమావేశమయ్యారు. నీటిమట్టం పెరిగితే తమ గతి ఏమవుతుందో లోకానికి తెలియజెప్పడానికే. తమాషా అని నవ్వినవారూ లేకపోలేదు. నిజానికి ఆ దేశంలో నేల చాలాభాగం సముద్రమట్టానికి మీటరు ఎత్తు కూడా లేదు.

అయితే ముప్పు ఒక్క నీటిమట్టంతోనే కాదండీ. ఆ దీవులు నిలిచింది పగడపు దిబ్బల మీద. అలల దెబ్బ కాచుకునేవీ అవే. పగడం ఒక చిన్న ప్రాణి. దానికి తిండీ, రంగూ దాని ఒంట్లో ఉండే నాచువల్లనే. నీరు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువగా, వారాల తరబడి వేడెక్కితే నాచు దాన్ని వదిలిపోతుంది. పగడం సున్నంలా తెల్లబడుతుంది. 1998లో, మళ్ళీ 2016లో అక్కడ ఇదే జరిగింది.

రాజధాని మాలే చుట్టూ జపాను సాయంతో గోడ కట్టారు. 2004 సునామీనాడు అది ఊరిని చాలావరకు కాపాడింది. జనం ఉన్న దీవులన్నిటికీ అలాంటి గోడ కట్టడం ఆ చిన్న దేశానికి తలకు మించిన పని.