దూరమునుండి ఇంటి తలుపు తీయుట

రేపల్లెనుండి బాపట్లకు రైలులో పోదలచినవారు తెనాలి జంక్షనులో బండి మారవలెను. రోడ్డున పోవువారికి ఆ చుట్టు తిరుగుడు లేదు. ఈనాటి మా ప్రసంగము ఇట్టి రెండు దారులను గూర్చినదే.

మా పెద్దన్నగారు రేపల్లెలోను, తమ్ముడు బాపట్లలోను, తల్లిదండ్రులతో మేము తెనాలిలోను ఉన్నాము. పొలము దస్తావేజుల నకళ్లు, నాయనగారి వైద్యపు కాగితములు తెనాలి యింటి కంప్యూటరులో దాచితిమి. ఒకనాడు నాయనగారికి రేపల్లెలో జబ్బు చేసినది. వైద్యులు పాత మందుచీటీ అడిగిరి. అది తెనాలిలో, తాళము వేసిన ఇంటిలో ఉన్నది. మేమందరమును రేపల్లెలో ఉంటిమి.

అటుపిమ్మట రౌటరులో ఒక ద్వారము తెరువజూచితిమి. తెరచిన ద్వారమును పరులును తట్టుదురు. అది మొదటి చిక్కు. చిరునామాల కొరతచే ఇంటర్నెట్టు సంస్థలు అనేక గృహములకు ఒకే బహిరంగ చిరునామాను పంచుట రెండవది. రౌటరుకు వచ్చిన బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల వరుసలోనిదైనచో, ద్వారము తెరచినను దారి దొరకదు. మా యింటి స్థితి అదియే.

వీపీఎన్ అనగా బహిరంగ మార్గముమీద మనవారికై వేసికొను రహస్యపు దారి. పాత పద్ధతిలో రాకపోకలన్నియు ఒక కేంద్రము గుండ జరుగును. అది జంక్షను వంటిది. మెష్ పద్ధతిలో మధ్యవర్తి ఒకరి జాడ మరొకరికి తెలుపును. పిమ్మట యంత్రములు నేరుగా మాటలాడుకొనును. నేరుగా కుదరనిచో మరొక యంత్రము సందేశమును మోసికొనిపోవును గాని, తాళము వేసిన ఆ సందేశమును చదువలేదు.

సాధనములు పెక్కు గలవు. టెయిల్‌స్కేల్, నెట్‌బర్డ్ అనునవి వైర్‌గార్డ్ పద్ధతిపై నిలిచినవి; ఆ పద్ధతి 2020లో లినక్సు కెర్నెలులో చేరినది. జీరోటయర్ దూరపు యంత్రములను ఒకే తీగెకు తగిలించినట్లు చూపును. స్లాక్ సంస్థ 2019లో వెల్లడించిన నెబ్యులాలో ధ్రువపత్రములను మనమే జారీ చేయవలెను. బహిరంగ చిరునామా గల యంత్రమొకటి కావలెను. నెట్‌బర్డ్ మధ్యవర్తిని మనమే నడుపుకొనవచ్చును. టెయిల్‌స్కేలునకు ఆ పనికై హెడ్‌స్కేల్ కలదు.

ఎంపికలో ముఖ్యప్రశ్న వేగము గాదు. ఏ యంత్రము మనదో నిర్ణయించు పుస్తకము ఎవరి చేతిలో నుండవలెను? మన చేతనే యుండవలెనని తమ్ముడు పట్టుపట్టెను. “నీవు ఊరలేని రాత్రి అది ఆగిపోయినచో అమ్మ దానిని లేపగలదా?” అని అడిగితిమి. తమ్ముడు మాటలాడలేదు. పుస్తకమును సంస్థకే వదలి, టెయిల్‌స్కేల్ తీసికొంటిమి. నేర్పును, తీరికయు గలవారికి తమ్ముని మాటయే మేలు.

కొన్ని జాగ్రత్తలు. టెయిల్‌స్కేలులో తాళపుచెవి గడువు మామూలుగా 180 దినములు. ఇంటి కంప్యూటరునకు ఆ గడువును తీసివేయవలెను. ప్రవేశపు ఖాతాకు రెండవ తాళము పెట్టవలెను. ఫోను పోయిననాడే దాని పేరు కొట్టివేయవలెను. ఎవరికి ఏది అవసరమో అంతవరకే అనుమతి నీయవలెను.

ఇప్పుడు అన్నగారు రేపల్లెనుండి, తమ్ముడు బాపట్లనుండి కావలసిన కాగితము చూచుకొనుచున్నారు. అయినను తెనాలిలో కరెంటు పోయినచో ఏ సాధనమును పలుకదు. కనుక మందుచీటీ నకలొకటి అన్నగారి బీరువాలోను ఉంచితిమి.