తిరగలిని తాకట్టు పెట్టించకండి



మన పావగడలో ఎండను శాపమే అనుకున్నాం. చెనిక్కాయ ఎండిపోయింది, బోర్లు ఎండిపోయాయి, పిల్లలు బెంగళూరు బస్సెక్కారు. ఆ ఎండే ఇప్పుడు కరెంటు అయింది. తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, క్యాతగానచర్లు, రాయచర్లు గ్రామాల్లో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది.

ఇది కంపెనీల సాహసం ఒక్కటే కాదు. 2015లో కేంద్ర, రాష్ట్ర సంస్థలు కలిసి ఒక కార్పొరేషన్ పెట్టాయి. అదే రైతుల భూమి కౌలుకు తీసుకుంది, రోడ్లు, సబ్‌స్టేషన్లు సిద్ధం చేసింది. సోలార్ పార్కులకు కేంద్రం మెగావాటుకు 20 లక్షల వరకు సహాయం ప్రకటించింది. కరెంటు కొనడానికి ఏళ్ల తరబడి ఒప్పందాలు కుదిరాయి. నష్టభయంలో పెద్ద భాగం ప్రజల సొమ్ము మోసింది కాబట్టే కంపెనీలకు అప్పు పుట్టడం తేలికైంది. దీన్ని నేను తప్పు పట్టను. కొత్త పని మొదలవ్వాలంటే మొదటి బరువు ఎవరో ఒకరు మోయాలి.

మరి పేదవాడి బరువు ఎవరు మోస్తున్నారు?

భూమి ఉన్నవారికి ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు నిర్ణయించారు. ఆ చేలల్లో కలుపు తీసి బతికిన కూలీకి పహణి లేదు, కాబట్టి కౌలూ లేదు. సేద్యంతోపాటు కూలీ పోయింది, గొర్రెలకు మేత పోయింది.

మా సంఘంలో ఒక సహోదరి కుట్టుమిషన్లు పెట్టి స్కూలు యూనిఫాంలు కుట్టాలనుకుంది. ముద్రా అప్పు అడిగితే బ్యాంకులో పహణి తెమ్మన్నారు. 2015లో వచ్చిన ఆ పథకానికి తాకట్టు అక్కరలేదు. అప్పు మునిగితే ఆదుకోవడానికి ప్రభుత్వ గ్యారంటీ నిధి కూడా ఉంది. నిధి ఢిల్లీలో ఉంది, మన కౌంటర్ దాకా రాలేదు. దళితులకు, ఆదివాసులకు, మహిళలకు 2016లో తెచ్చిన స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి మొదలయ్యేది. ఆమెకు కావలసింది లక్షన్నర!

బతుకుతెరువైన తిరగలిని తాకట్టు పట్టకూడదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. మనం ఇంకో మాట కూడా అడగాలి: తిరగలే లేనివాడికి దాన్ని కొనే దారి ఏది?

అందుకే ప్రార్థనతో ఆగిపోకండి. అప్పు అడిగేవారిని ఒంటరిగా పంపకండి, ఇద్దరు తోడు వెళ్లండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. పార్కు పేరున ఊళ్లకు వచ్చే అభివృద్ధి నిధిలో భూమిలేనివారి వాటా ఎంతో గ్రామసభలో లేచి అడగండి.

కంపెనీ బరువు మోసిన చేతులు కూలీ బరువూ మోయగలవు. అది భిక్ష కాదు, న్యాయం.