కుక్కపిల్ల ఎందుకు కుంటుతున్నది?



ఇయ్యాల ముచ్చట ఒక కుక్కపిల్ల కాలి గురించి. చిన్న ముచ్చటే. కానీ ఇంట్ల కుక్క ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొచ్చేది.

వేములవాడలో బీడీలు చేసే ఒక ఇల్లు అనుకోండి. తల్లి చాట ముందర పెట్టుకొని బీడీలు చుడుతున్నది. బిడ్డ బడి నుంచి వచ్చింది. వాకిట్ల నాలుగు నెలల కుక్కపిల్ల ఉన్నది. రోజూ బిడ్డకు ఎదురు ఉరికేది. ఆ రోజు ఉరకలేదు. మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వచ్చింది.

"అవ్వా, దీనికి ఏమైందే? పొద్దున మంచిగనే ఉండె."

"ముల్లు ఇరిగి ఉంటది బిడ్డా. తెల్లారితే తక్కువైతది."

తెల్లారింది. తక్కువ కాలేదు. అత్త పసుపు పూసింది. పక్కింటి వదినె ఒళ్లు నొప్పుల గోలి సగం వేయమన్నది. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. కాలును మాత్రం ఎవరూ సరిగ్గా చూడలేదు.

కుక్కపిల్లకు నోరు లేదు. ఎక్కడ నొస్తున్నదో అది చెప్పలేదు. మనిషే చూసి తెలుసుకోవాలి. చూడటానికి ఒక వరుస ఉన్నది.

మొదట దూరం నుంచి చూడాలి. వెంటనే పట్టుకోవద్దు. కుక్కపిల్ల తింటున్నదా? పిలిస్తే పలుకుతున్నదా? నోటి నుంచి చొంగ కారుతూ, దవడ వేలాడుతూ, వెనుక కాళ్లు ఈడుస్తూ, కనబడినదాన్నల్లా కరుస్తుంటే అది ముల్లు పని కాదు. అది పిచ్చికుక్క వ్యాధి కావచ్చు. దాన్నే రేబిస్ అంటారు. "గొంతుల బొక్క ఇరికింది" అనుకొని నోట్లో చేయి పెట్టొద్దు. పిల్లలను దూరం పెట్టి, పశువుల డాక్టరుకు చెప్పాలి.

అట్లాంటి గుర్తులు లేకపోతే నడిపించి చూడాలి. ఏ కాలు కుంటుతున్నదో తేల్చుకోవాలి. ముందు కాలు నొస్తే, ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి లేపుతుంది. మంచి కాలు ఆనినప్పుడు తల దించుతుంది. కాలు కింద ఆనిస్తున్నదా, మొత్తానికే ఎత్తి పట్టుకున్నదా? అది కూడా చూడాలి.

తర్వాత పట్టి చూడాలి. ఎంత మచ్చికైన కుక్కపిల్ల అయినా నొప్పి పుడితే కరుస్తుంది. పెద్దవాళ్లు ఒకరు తల పట్టుకోవాలి. మెత్తటి గుడ్డతో మూతికి కట్టాలి. ఊపిరి ఆడాలి. వాంతి చేసుకుంటుంటే కట్టొద్దు.

కింది నుంచి పైకి పోవాలి. మొదట అరికాలు. తుమ్మ ముల్లు, పల్లేరు కాయ, గాజు పెంకు ఉన్నదేమో చూడాలి. ఎండాకాలం పగటిపూట తారు రోడ్డు మీద తిరిగితే అరికాలు బొబ్బలెక్కుతుంది. తర్వాత గోళ్లు. విరిగినయా, వంకర తిరిగి లోపలికి గుచ్చుకున్నయా? తర్వాత వేళ్ల సందులు. అక్కడ పిడుదులు పట్టి ఉంటాయి. ఆ తర్వాత మణికట్టు, మోకాలు, తొడ. నొప్పి కాలును, మంచి కాలును పక్కపక్కన పెట్టి పోల్చాలి. వాపు ఉన్నదా? వేడి తగులుతున్నదా? ఎక్కడ ఒత్తితే కుయ్యిమంటున్నది?

ఆ ఇంట్లో తల్లి ఇట్లనే చూసింది. ముల్లు లేదు. గాజు లేదు. వేళ్ల పైన చిన్న వాపు ఉన్నది. వెంట్రుకలు పక్కకు తీసింది. బీడీలకు కట్టే దారం! కాలికి చుట్టుకొని బిగిసింది. చాట పక్కన పడుకున్నప్పుడు చుట్టుకున్నది. వెంట్రుకల్లో కనబడలేదు. ఇంకా రెండు రోజులు ఆగితే కండను కోసేది. కాలికే ముప్పు వచ్చేది. ముల్లు అనుకొని కూర్చుంటే దారం దొరికేదా?

దారం పైపైన ఉంటే మొద్దు మొన కత్తెరతో మెల్లగా తెంపాలి. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో కడగాలి. కండలోకి దిగి ఉంటే డాక్టరే తీయాలి. ముల్లుకూ ఇదే మాట. పైకి కనబడితే తీయొచ్చు. లోపల విరిగితే పొడవొద్దు.

ఏమీ కనబడకపోతే? కుంటడానికి వేరే కారణాలు ఉన్నాయి. జాతర రోజుల్లో బండి తగిలి ఉండొచ్చు. కాలు వేలాడుతుంటే ఎముక విరిగి ఉంటుంది. నూనె పెట్టి గుంజొద్దు. పలక మీద పడుకోబెట్టి తీసుకుపోవాలి. ఒకరోజు ఒక కాలు, ఇంకో రోజు ఇంకో కాలు కుంటుతూ, జ్వరంతో తిండి మానేస్తే పిడుదుల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. ఉత్త అన్నమే పెడితే ఎదిగే పిల్లకు ఎముకల బలం చాలదు, కాళ్లు వంగుతాయి. ఇవన్నీ డాక్టరు చూడవలసినవి.

ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. మనుషుల నొప్పి గోలీలు కుక్కలకు వేయొద్దు. పారాసిటమాల్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కకు విషం అవుతాయి. కడుపులో పుండ్లు పడతాయి. కాలేయం, మూత్రపిండాలు చెడతాయి. నొప్పి పోవాలని వేసిన సగం గోలీ ప్రాణం తీయొచ్చు.

ఒక్కరోజులో తగ్గకపోయినా, కాలు అసలే ఆనించకపోయినా, వాపు, చీము, జ్వరం ఉన్నా ఆలస్యం చేయొద్దు. పశువుల దవాఖానకు పోవాలి. కోరుట్లలో పశువైద్య కళాశాల కూడా ఉన్నది.

పోయేటప్పుడు ఒక చీటీ రాసుకొని పోవాలి. ఇట్లా:

"కుక్కపిల్ల వయసు 4 నెలలు. సోమవారం నుంచి కుంటుతున్నది. ముందు కుడి కాలు. వేళ్ల పైన వాపు. తిండి తింటున్నది. పసుపు పూసినం. గోలీ వేయలేదు."

ఏడు ముక్కలు. డాక్టరు అడిగేవి చాలా వరకు ఇందులో ఉన్నాయి. గాబరాలో మనిషి మరిచిపోతుంది. కాగితం మరిచిపోదు. కుక్కపిల్ల చెప్పలేని మాటను మీరు రాసిన అక్షరం చెబుతుంది.

ఇక చివరి మాట. మూడు నెలలు నిండిన కుక్కపిల్లకు రేబిస్ టీకా వేయించాలి. తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా వేయించాలి. కాలు చూసేటప్పుడు కుక్కపిల్ల కరిచినా, గీరినా ఆ గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. వెంటనే సర్కారు దవాఖానకు పోవాలి. బొడ్డు చుట్టూ సూదులు అని భయపడొద్దు. ఆ పాత మందు పోయింది. ఇప్పుడు చేతి రెట్టకే వేస్తారు. చీటీ మీద ఏ తారీఖులు రాసిస్తే ఆ తారీఖులన్నిటికీ పోవాలి. ఒక్కటి కూడా తప్పొద్దు.

ఆ చీటీని ఇప్పుడు మీరే చదువుకోగలరు. తారీఖు ఎప్పుడని ఇంకొకరిని అడిగే పని లేదు.

అక్కలారా! ఇయ్యాల ఇంటికి పోయినంక మీ కుక్కపిల్ల కాళ్లు నాలుగూ ఒకసారి చూడండి. వేళ్ల సందులు చూడండి. బీడీల దారం, మగ్గం నూలు ముక్కలు నేల మీద ఉంటే ఏరి పారేయండి.