ఆకాశమున చుక్కాని
(ప్రసంగ పాఠము)



గోదావరిపై పడవ నడపువారికి చుక్కాని సంగతి మేము చెప్పనక్కరలేదు. విమానమునకును, తోకపై నిలువుగా నిలిచిన రెక్క వెనుక, చుక్కాని కలదు. చోదకుడు దానిని పాదములతో త్రొక్కి కదలించును. చిన్న విమానమున కాలి బలమే చాలును. మహావేగమున పోవు జెట్ విమానమున మాత్రము గాలికి ఎదురుగా ఆ పెద్ద పలకను త్రిప్పుట మనుష్యుని తరము కాదు. గొట్టములలో ఒత్తిడితో నిండిన నూనెవంటి ద్రవము ఆ పని చేయును. ట్రాక్టరు నాగలిని పైకెత్తు హైడ్రాలిక్ బలము ఇదియే. గొట్టము పగిలినచో నాగలి లేవదు. రైతు దిగి చూచుకొనును. ఆకాశమున ఆ వీలెక్కడిది?

మన ఎయిరిండియా 1960 నుండి నడపిన బోయింగ్ 707లో దీనికొక ఉపాయముండెను. ద్రవబలము పోయినను, చుక్కాని అంచునగల చిన్న పలకను కాలితో కదల్పగా గాలియే పెద్ద పలకను త్రోసెడిది. తరువాతి పెద్ద విమానములలో ఆ ఏర్పాటు విడిచి, వేర్వేరుగా మూడేసి, నాలుగేసి ద్రవ వ్యవస్థలు పెట్టిరి. అన్నియు ఒక్కసారే పోవునా యని వారి ధైర్యము. కాని గొట్టములన్నియు చేరవలసినది ఆ తోకకే గదా!

1985 ఆగస్టు 12న జపానులో ఒక బోయింగ్ 747 వెనుక గోడ, పూర్వము మరమ్మతు సరిగా జరుగనందున, పగిలెను. నిలువు రెక్క చాలవరకు ఊడిపోయెను. నాలుగు వ్యవస్థలును ఎండిపోయెను. 524 మందిలో నలుగురే బ్రతికిరి.

1989 జూలై 19న అమెరికాలో డెన్వరు నుండి చికాగో పోవు డి.సి.-10 తోక ఇంజనులోని చక్రము బ్రద్దలై, దాని ముక్కలు మూడు వ్యవస్థలను తెగగొట్టెను. చుక్కాని కదలదు, రెక్కల పలకలును కదలవు. ముఖ్య చోదకుడు ఆల్ హేన్స్. ప్రయాణికులలోనున్న శిక్షకుడు డెనిస్ ఫిచ్ ముందునకు వచ్చి, మిగిలిన రెండు ఇంజనుల మీటలను రెండు చేతులతో పట్టెను. బండివాడు ఒక యెద్దును అదలించి, రెండవదానిని నిలువరించి బండిని మలుపునట్లు, ఒక ఇంజను వేగము పెంచి, రెండవదానిది తగ్గించి, ముప్పాతిక గంటసేపు నడపి సూ సిటీ చేర్చిరి. దిగునప్పుడు రెక్క నేలను తాకి విమానము ముక్కలయ్యెను. 296 మందిలో 112 మంది మరణించిరి. 184 మంది బ్రతికిరి. అది సామాన్యమని మేమనుకొనము.

ఆ పిమ్మట డి.సి.-10 మూడవ వ్యవస్థలో, ద్రవము కారిపోవునప్పుడు తనంతట మూసికొను కవాటమొకటి అమర్చిరి. గండి పడిన కాలువకు పైన తూము మూసినట్లే. తోక చుక్కాని పోయినను, రెక్కల పలకలకు బలము మిగులును.